40 ప్లాట్లు వర్సెస్ ఒక టవర్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ఎందుకు ఇంత ఇరుకైపోతున్నాయి?

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా డాడీ ఫ్లాట్ చూస్తున్నారు. ఎల్బీ నగర్ మెయిన్ రోడ్డు మీద పెద్ద టవర్‌లో 18వ అంతస్తు ఒకటి, కొత్తపేట లోపల కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఒకటి. ఈ టవర్ల వల్లే ఏరియా మొత్తం నాశనం అవుతోందని మా బాబాయి అంటున్నాడు. నిజమేనా?"

మంచి ప్రశ్న. ఎందుకంటే ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి చుట్టూ చూస్తే ఎవరికైనా ముందు కళ్లకు కనిపించేవి ఆ టవర్లే. 30 అంతస్తులు దాటినవి కూడా లేస్తున్నాయి. పదేళ్ల కింద ఇలాంటివి గచ్చిబౌలి, కోకాపేట వైపు ఉంటాయనుకునేవాళ్లం, ఇప్పుడు మన ఈస్ట్‌కి కూడా వచ్చేశాయి. కాబట్టి ట్రాఫిక్ జామ్ అయినా, నల్లా రాకపోయినా, వానకు వీధి మునిగినా నింద టవర్ మీదికే పోతుంది.

ఈ రోజు మనం లెక్క వేద్దాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను నేర్చుకున్న ఒక అలవాటు ఏంటంటే, సర్వర్ డౌన్ అయితే ముందు ఎవర్నీ తిట్టకూడదు, లోడ్ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఇక్కడా అదే చేద్దాం.

ముందు ఈ ఏరియా ఎలా పెరిగిందో చూద్దాం.

ఎల్బీ నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు. మ్యాప్ తీసి చూస్తే ఇది ఒక గుమ్మం లాంటిది. విజయవాడ హైవే, అంటే 65వ నంబర్ జాతీయ రహదారి, సిటీలోకి అడుగుపెట్టేది ఇక్కడే. నాగోల్ నుంచి వచ్చే ఇన్నర్ రింగ్ రోడ్డు దాన్ని దాటేది ఇక్కడే. నాగార్జునసాగర్ వైపు పోయే రోడ్డు కూడా పక్కనే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, అటు కృష్ణా, గుంటూరు నుంచి వచ్చినవాళ్లకు మొదట తగిలే హైదరాబాద్ ఇదే. బస్సు దిగిన చోటే గది అద్దెకు తీసుకున్నారు, కొన్నాళ్లకు అక్కడే ప్లాటు కొన్నారు. సంక్రాంతికి ఊరెళ్లడం ఈజీ అనే ఒక్క కారణంతో ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

2001 జనాభా లెక్కల్లో ఎల్బీ నగర్ సపరేట్ మున్సిపాలిటీ. అప్పటికి జనం సుమారు 2 లక్షల 60 వేలు. పక్కనే గడ్డిఅన్నారం ఇంకో చిన్న మున్సిపాలిటీ, 50 వేల పైచిలుకు. 2007 ఏప్రిల్‌లో ఈ రెండూ, ఇంకో పది మున్సిపాలిటీలూ, ఎనిమిది గ్రామ పంచాయతీలూ పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్ఎంసీ అయ్యాయి. 2011 లెక్కల్లో ఆ మొత్తం సిటీ జనాభా 67 లక్షలు దాటింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, అది 2027కి పోయింది. అంటే 2011 తర్వాత ఈ కాలనీల్లో ఎంతమంది చేరారో చెప్పే జనగణన లెక్క మధ్యలో ఒక్కటీ లేదు. యూజర్లు ఎంతమందో తెలియకుండా యాప్ నడిపినట్టు అన్నమాట.

దిల్‌సుఖ్‌నగర్ కథ కొంచెం వేరు. అది బజారు, బస్ డిపో, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. గ్రూప్స్ ప్రిపేర్ అయ్యేవాళ్లు, బ్యాంక్ ఎగ్జామ్స్ రాసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్లు, అందరికీ అదో అడ్డా. బీటెక్ అయ్యాక నేనూ అక్కడ ఆరు నెలలు హాస్టల్‌లో ఉన్నా. రూమ్‌కి నలుగురం. పొద్దున బాత్రూమ్ దగ్గర లైన్, రాత్రి మెస్ దగ్గర లైన్. ఆ బిల్డింగ్ బయటికి మాత్రం మామూలు అపార్ట్‌మెంట్‌లానే కనిపించేది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

తర్వాత 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో వచ్చింది. దాంతో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్ల రెడ్ లైన్ పూర్తయింది. మరుసటి ఏడాది బ్లూ లైన్ రాయదుర్గం దాకా పోయింది. ఇక హైటెక్ సిటీలో జాబ్ చేస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో, చైతన్యపురిలో ఉండటం కుదిరే పని అయింది. అమీర్‌పేటలో మారితే చాలు. చింతలకుంట అండర్‌పాస్, కామినేని దగ్గర ఫ్లైఓవర్లు, నాగోల్, బైరామల్‌గూడ ఫ్లైఓవర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని బాటసింగారం తరలించి, ఆ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో పునాది రాయి వేశారు. మెట్రో రెండో దశ ప్రతిపాదనలు 2024 నవంబర్‌లో కేంద్రానికి వెళ్లాయి. అందులో ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల లైన్ ఉంది. నాగోల్ నుంచి ఎల్బీ నగర్ మీదుగా ఎయిర్‌పోర్ట్ లైన్ కూడా ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. గజం రేటు ఎందుకు ఎగిరిందో, బిల్డర్లు ఇటు ఎందుకు తిరిగారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సరే, ఇక రూల్స్. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఎఫ్ఎస్ఐ అని ఒక మాట ఉంటుంది. స్థలం ఎంతుందో దానికి ఎన్ని రెట్లు కట్టొచ్చు అనే లెక్క. వెయ్యి గజాల ప్లాటు, ఎఫ్ఎస్ఐ 2 అనుకుందాం. అన్ని అంతస్తులూ కలిపి రెండు వేల గజాలకు మించి కట్టకూడదు. నాలుగు అంతస్తులు వేస్తావో, పది అంతస్తులు సన్నగా వేస్తావో నీ ఇష్టం, మొత్తం మాత్రం దాటకూడదు. ముంబైలో 1991 నిబంధనలు పాత నగరానికి 1.33 అని పెట్టాయి. చెన్నై, బెంగళూరులో కూడా ఇలాంటి పరిమితులు ఉన్నాయి.

హైదరాబాద్‌లో? 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఈ పరిమితిని ఎత్తేసింది. 2012 ఏప్రిల్‌లో జీవో 168 పేరుతో వచ్చిన బిల్డింగ్ రూల్స్ కూడా అదే దారిలో నడిచాయి. మరి కంట్రోల్ ఏంటి? రెండే రెండు. ఒకటి, ముందున్న రోడ్డు వెడల్పు. రెండు, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, అంటే సెట్‌బ్యాక్.

2012 రూల్స్ ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఉంటే అది హైరైజ్. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. 21 మీటర్ల ఎత్తుకైతే 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ. 55 మీటర్ల దాకా పోవాలంటే 30 మీటర్ల రోడ్డు, చుట్టూ 16 మీటర్ల ఖాళీ. ఎత్తు పెరిగేకొద్దీ ఖాళీ పెరగాలి. రోడ్డు వెడల్పుగా ఉండి, స్థలం పెద్దగా ఉంటే ఎంత పైకైనా పోవచ్చు.

ఇందులో లాజిక్ ఉంది. గాలి వస్తుంది, ఫైరింజన్ తిరుగుతుంది. కానీ ఒక్కటి గమనించండి. ఈ రూల్ ఎప్పుడూ ఒక్క బిల్డింగ్‌నే చూస్తుంది. దాని ముందు రోడ్డు సరిపోతే ఓకే. ఆ రోడ్డు చివర సిగ్నల్ ఎలా ఉంది, కింద డ్రైనేజీ పైపు ఎంత లావుంది, ఇదే రోడ్డు మీద ఇప్పటికే ఎన్ని బిల్డింగులకు ఓకే చెప్పాం, ఈ మొత్తాన్ని కూడి చూసే చోటు అందులో లేదు.

ఇప్పుడు మన తమ్ముడి బాబాయి చెప్పిన మాటకు వద్దాం. రెండు బొమ్మలు ఊహించుకోండి. లెక్క ఈజీగా ఉండటానికి నేను తీసుకున్న అంకెలివి.

మొదటిది కాలనీ వీధి. ఒక్కోటి 600 గజాల చొప్పున 40 ప్లాట్లు. 1990ల్లో ప్లాటుకి ఒక ఇల్లు, ఇంటికి ఐదుగురు, జామచెట్టు, కొబ్బరిచెట్టు. మొత్తం 200 మంది. పిల్లలు పెద్దోళ్లయ్యారు, ఒకడు అమెరికా, ఒకడు బెంగళూరు. బిల్డర్ వచ్చి "డెవలప్‌మెంట్‌కి ఇవ్వండి సార్, సగం ఫ్లాట్లు మీకే" అన్నాడు. ఇంటి స్థానంలో స్టిల్ట్ ప్లస్ ఐదు అంతస్తులు, అంతస్తుకు మూడు ఫ్లాట్లు. 15 ఫ్లాట్లు, ఫ్లాటుకి నలుగురు, ప్లాటుకి 60 మంది. నలభై ప్లాట్లూ అలా మారితే వీధిలో 2,400 మంది. పన్నెండు రెట్లు. రోడ్డు మాత్రం అదే రోడ్డు.

రెండోది టవర్. 40 ప్లాట్లు ఇంటూ 600 గజాలు అంటే 24,000 గజాలు, సుమారు ఐదెకరాలు. ఐదెకరాల్లో 600 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ కట్టారనుకోండి. 600 ఇంటూ 4, మళ్లీ 2,400 మంది!

అదే నేల, అదే జనం. ఒకటి ఆకాశంలోకి కనిపిస్తుంది కాబట్టి అందరూ వేలెత్తి చూపిస్తారు. ఇంకోటి పదిహేనేళ్లలో ఒక్కో గేటూ మారుతూ వచ్చింది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. ఆ వీధిలో ఒక బిల్డింగ్ హాస్టల్‌గా మారితే? ఫ్లాటుకి 12 బెడ్లు వేస్తే 15 ఫ్లాట్లలో 180 మంది. మూడు బిల్డింగుల జనం ఒక్కదాంట్లో. ఇందాక చెప్పిన నా హాస్టల్ అదే టైపు.

ఇంకో తేడా కూడా ఉంది. 20,000 చదరపు మీటర్లు దాటి కట్టే ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి తీసుకోవాలి. మురుగునీరు ఎక్కడ శుద్ధి చేస్తారో, వాన నీరు ఎటు పోతుందో కాగితం మీద చెప్పాలి. హైరైజ్‌కి ఫైర్ శాఖ అనుమతి ఉండాలి. 40 చిన్న బిల్డింగులు కలిపితే జనం అంతే అయినా, విడివిడిగా ఏ ఒక్కటీ ఆ గీత దాటదు. 40 సార్లు విడివిడిగా పర్మిషన్ వస్తుంది, కలిపి ఒక్కసారి కూడా ప్రశ్న రాదు.

అలాగని టవర్లకు నేను సర్టిఫికెట్ ఇస్తున్నానని అనుకోవద్దు. పరిమితి లేదు కాబట్టి అదే ఐదెకరాల్లో 600కి బదులు వెయ్యి ఫ్లాట్లు కూడా పడొచ్చు. అప్పుడు నాలుగు వేల మంది, అన్ని కార్లూ ఒకటే గేటు నుంచి హైవే మీదికి. పైగా టవర్ జనం రెండేళ్లలో ఒక్కసారిగా దిగుతారు, కాలనీ జనం మెల్లగా చేరతారు.

సరే, ఇంతమంది చేరితే ఏం ఆగిపోతుంది? మూడు చూద్దాం.

ఒకటి, నీళ్లు. మన దగ్గర నల్లా నీళ్లను అలవాటుగా "మంజీరా" అంటాం కదా. ఎల్బీ నగర్ వైపు వచ్చేవి ఎక్కువగా కృష్ణా నీళ్లు. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, కోదండాపూర్‌లో శుద్ధి అయ్యి, గున్‌గల్ మీదుగా సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కి చేరతాయి. కృష్ణా మూడు దశలూ కలిపితే రోజుకి 270 మిలియన్ గ్యాలన్లు, సిటీ మొత్తానికి. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది ప్లానింగ్‌లో వాడే అంకె. మన వీధిలో 200 మంది ఉన్నప్పుడు 27 వేల లీటర్లు. 2,400 మందికి 3 లక్షల 24 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకి 65. లైన్ పెంచకపోతే ఆ తేడాను బోర్లు తీర్చాలి, బోర్లు ఎండితే ట్యాంకర్లు తీర్చాలి. నెలకి 20 వేల లీటర్లు ఉచితం అనే స్కీమ్ ఉంది, మంచిదే. కానీ పైపులో రాని నీటికి ఉచితం ఏంటి? ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లో కలిసి మన జేబులోంచే పోతాయి.

రెండు, నాలా. వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికొస్తుందని లెక్కేస్తారు. అదిగాక వాన. మీర్‌పేట వైపు చెరువులు నిండితే ఆ నీళ్లు సరూర్‌నగర్ చెరువుకి, అక్కడి నుంచి చైతన్యపురి పక్కగా మూసీకి పోవాలి. ఆ దారిలోనే మనం కాలనీలు కట్టాం. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన గుర్తుందా? సరూర్‌నగర్, ఎల్బీ నగర్, హయత్‌నగర్ చుట్టుపక్కల కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. కోదండరాం నగర్, పీ అండ్ టీ కాలనీ లాంటి చోట్ల వాన ఆగాక కూడా జనం పడవల్లో తిరిగారు. దాని తర్వాతే ప్రభుత్వం నాలాల కోసం ఎస్ఎన్‌డీపీ అని ప్రత్యేక ప్రోగ్రాం పెట్టింది. ఇంటి చుట్టూ మట్టి ఉన్నప్పుడు వాన కొంత నేలలోకి ఇంకేది. సెల్లార్, స్టిల్ట్, ర్యాంప్, సీసీ రోడ్డు వేశాక చుక్క కూడా ఇంకదు, మొత్తం నాలాకే పరిగెడుతుంది.

మూడు, రోడ్డు. ఫ్లైఓవర్లు బాగా పనికొచ్చాయి, కాదనను. విజయవాడ నుంచి వచ్చే బస్సు ఎల్బీ నగర్ జంక్షన్ ఇప్పుడు తొందరగా దాటుతుంది. కానీ ఫ్లైఓవర్ అనేది ఏరియాను దాటిపోయేవాళ్ల కోసం. ఏరియాలో ఉండేవాళ్ల ప్రాబ్లమ్ వేరు. కాలనీ లోపల రోడ్డుకి రెండు వైపులా కార్లు పెడితే మధ్యలో ఆటో ఒక్కటే పడుతుంది. స్టేషన్ అర కిలోమీటర్ దూరంలోనే ఉన్నా, నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద బండ్లు, బజ్జీల కొట్లు, ట్రాన్స్‌ఫార్మర్. అందుకే బైక్ తీస్తాం. మెట్రో పక్కనే ఉండి కూడా బైక్ తీయాల్సి వస్తే, మెట్రో వచ్చి ఏం లాభం చెప్పండి?

మరి కట్టడం ఆపేయాలా? నా ఉద్దేశం అది కాదు. ఇక్కడ ఆపితే జనం రాకుండా ఉండరు. హయత్‌నగర్ దాటి, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి, ఇబ్రహీంపట్నం వైపు పోతారు. అద్దెలు పెరుగుతాయి, ఆఫీసుకి ఇంకో గంట కలుస్తుంది. అసలు మెట్రో స్టేషన్ పక్కనే ఎక్కువమంది ఉండటం మంచి విషయం. టోక్యో, సింగపూర్ లాంటి నగరాలు రైలు చుట్టూనే పెరిగాయి. ఉద్యోగాలు కూడా ఇటు రావాలి. మలక్‌పేటలో ఐటీ టవర్‌కి 2023 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. అలాంటివి నిజంగా నడిస్తే, పొద్దునే ఊరంతా పడమరకీ, సాయంత్రం ఊరంతా తూర్పుకీ పరిగెత్తే పని కొంచెం తగ్గుతుంది.

జనం పెరిగితే తప్పు లేదు. జనంతో పాటు పైపు, నాలా, ఫుట్‌పాత్ పెరగకపోవడమే తప్పు. దీనికి డబ్బు లేదా అంటే, దారి రూల్స్‌లోనే ఉంది. ఎత్తైన బిల్డింగుల నుంచి నగర స్థాయి ఇంపాక్ట్ ఫీజు అని వసూలు చేస్తారు. 2012 రూల్స్ ఏం చెప్తాయంటే, ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో పెట్టాలి, అందులో సగం ఆ బిల్డింగ్ ఉన్న ఏరియాలోనే వసతులకు ఖర్చు చేయాలి. సగం, ఇక్కడే! మన ఏరియాలో ఎంత వసూలైంది, అందులో సగంతో ఏ నాలా, ఏ పైపు వేశారు? సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో అడగొచ్చు. 30 అంతస్తులు చూసి భయపడే బదులు ఈ ఒక్క ప్రశ్న కాలనీ సంఘం తరఫున అడిగితే ఎక్కువ ఉపయోగం.

ఇక తమ్ముడూ, మీ డాడీకి చెప్పు. టవరా, కాలనీయా అని కాకుండా రెండు చోట్లా ఈ ఐదూ చూడమను.

ఒకటి, వానాకాలంలో ఒకసారి వెళ్లండి. వాచ్‌మన్‌నీ, పక్కన కిరాణా కొట్టాయననీ 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. బ్రోచర్ చెప్పనిది వాళ్లు చెప్తారు.

రెండు, గత వేసవి నెలల మెయింటెనెన్స్ లెక్కల్లో ట్యాంకర్ ఖర్చు ఎంతో చూడండి. కొత్త ప్రాజెక్టు అయితే పక్క బిల్డింగ్‌లో అడగండి.

మూడు, రెరా రిజిస్ట్రేషన్. 500 చదరపు మీటర్ల స్థలం గానీ, ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటితే తప్పనిసరి. వెబ్‌సైట్‌లో ప్లాన్ తీసి, కట్టింది దాంతో సరిపోతోందా చూడండి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ పైన కనిపిస్తే అక్కడే ఆగండి.

నాలుగు, హైరైజ్ అయితే రెండు మెట్ల దారులు ఉన్నాయా, 24 మీటర్ల పైన మంటలొస్తే జనం ఆగే రెఫ్యూజ్ ఏరియా ఖాళీగా ఉందా, లేక దాన్ని ఏ స్టోర్ రూమో చేశారా? ఫైరింజన్ చుట్టూ తిరిగే జాగాలో కార్లు పెట్టారా? అమ్మ భయానికి సమాధానం అంతస్తు నంబర్‌లో దొరకదు, ఇక్కడ దొరుకుతుంది.

ఐదు, గేటు నుంచి మెట్రో స్టేషన్ దాకా ఒకసారి నడవండి. రాత్రి ఎనిమిదికి, మీ అమ్మను కూడా తీసుకుని. ఆవిడ ఇబ్బంది లేకుండా నడవగలిగితే ఆ ఫ్లాటుకి ఒక మార్కు ఎక్కువ వేయండి.

సొంత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చే ఆలోచనలో ఉన్న అంకుల్స్‌కి కూడా ఒక మాట. మీకొచ్చే ఫ్లాట్ల సంఖ్య ఒక్కటే చూడకండి. మీ వీధిలో ఇప్పటికే ఎన్ని ఇళ్లు మారాయి, ఇంకెన్ని మారబోతున్నాయి, అందరిదీ కలిపి పోయే డ్రైనేజీ లైన్ ఎప్పటిది అని ఒక్క ఆదివారం పక్కింటివాళ్లతో కూర్చుని మాట్లాడండి.

మిగతా అందరికీ చిన్న హోంవర్క్. మీ వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ ఫ్లాట్లు లెక్కపెట్టండి. కరెంటు మీటర్లు లెక్కపెట్టినా చాలు, స్టిల్ట్‌లో వరసగా ఉంటాయి. ఆ అంకెను నాలుగుతో గుణించండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను మనం వచ్చినప్పుడు ఇక్కడ ఎన్ని ఇళ్లు ఉండేవని అడగండి. రెండు అంకెలూ నాకు పంపండి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా వీధి వీధికి ఒక పట్టిక చేద్దాం. 2027 జనగణన అంకెలు వచ్చాక మన లెక్కతో పోల్చి ఇంకో ఎపిసోడ్ చేస్తా.

అప్పటిదాకా, ఉంటా మరి.